గుడ్‌ఫెల్లాస్ చివర్లో హెన్రీకి పశ్చాత్తాపం ఎందుకు లేదు? చూసినోళ్ళు కాస్త చెప్పండి

అర్ధరాత్రి_షో:

నిన్న రాత్రి మొదటిసారి గుడ్‌ఫెల్లాస్ చూశానండి. 1990లో వచ్చిన సినిమా, ఇన్నేళ్ళూ ఎందుకు చూడలేదంటే పేరు వినగానే ఇది కూడా గాడ్‌ఫాదర్ టైపే, సూట్లేసుకుని చీకటి గదుల్లో మెల్లగా మాట్లాడుకుంటారు అనుకుని పక్కన పెట్టేశా. తీరా చూస్తే పూర్తిగా వేరే. దాదాపు రెండున్నర గంటల సినిమా, ఒక్కసారి కూడా ఫోన్ ముట్టుకోలా.

కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఒకటే బుర్రలో తిరుగుతోంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా. ఇంకా చూడనివాళ్ళు ఉంటే ఇక్కడే ఆగిపోండి, కథంతా చెప్పేస్తా.

హెన్రీ హిల్ అని బ్రూక్లిన్ కుర్రాడు, నాన్న ఐరిష్, అమ్మ వైపు సిసిలీ. ఇంటికి ఎదురుగా ట్యాక్సీ స్టాండు, అక్కడ కూర్చునే మాఫియా వాళ్ళని కిటికీలోంచి చూస్తూ పెరుగుతాడు. వాళ్ళు ఎక్కడ కారు పెట్టినా ఎవడూ అడగడు, అర్ధరాత్రి దాకా పేకాడినా పోలీసుల్ని ఎవడూ పిలవడు, పిల్లోడికి అదే స్వర్గంలా కనిపిస్తుంది. స్కూలు మానేసి వాళ్ళ దగ్గర చేరతాడు, పాతికేళ్ళు వాళ్ళతోనే తిరుగుతాడు, లారీలు కొట్టేయడం, దందాలు, జైలు, చివరికి కొకైన్. 1980లో దొరికిపోయాక ప్రాణం కాపాడుకోడానికి, తనని కొడుకులా చూసుకున్న పాలీ మీద, చెయ్యిపట్టి పని నేర్పిన జిమ్మీ మీద కోర్టులో సాక్ష్యం చెప్పేస్తాడు. గవర్నమెంటు వేరే పేరిచ్చి, వేరే ఊళ్ళో ఇల్లిచ్చి దాచిపెడుతుంది.

ఇక్కడే నా ప్రశ్న. అన్ని శవాలు చూశాక, అందర్నీ పట్టించాక, ఆ కొత్త ఇంటి గుమ్మం దగ్గర నిలబడి వీడు బాధపడేది దేనికి? ఇక్కడ మంచి తిండి దొరకదంట, స్పగెట్టీ అడిగితే ఎగ్ నూడుల్స్ మీద కెచప్ వేసి ఇచ్చారంట, ఇంక అందరిలా మామూలు మనిషిలా బతకాలంట. అంతే! ఒక్క మాట, చచ్చిపోయిన ఒక్కడి గురించి కూడా ఒక్క మాట లేదు. నేను ఏమైనా మిస్ అయ్యానా, లేక సినిమా కావాలనే అలా వదిలేసిందా?

ఇంకోటి, ఇది చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది. స్కూలు నుంచి ఉత్తరాలు ఇంటికి రాకుండా చేయడానికి పోస్ట్‌మ్యాన్‌ని పట్టుకొచ్చి పిజ్జా ఓవెన్‌లో తల పెడతామని బెదిరిస్తారు కదా, అక్కడ నేను పగలబడి నవ్వా. పొద్దున బ్రష్ చేసుకుంటూ ఆ పోస్ట్‌మ్యాన్ మొహం గుర్తొచ్చింది. నేను ఎందుకు నవ్వాను?

---

కత్తెర_గది:

నేను ఎడిటింగ్ సైడ్ పనిచేస్తా, అసిస్టెంట్‌గానే ఆరేళ్ళయింది, ఈ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకోండి.

మీ రెండో ప్రశ్న ముందు తీసుకుంటా. మీరు నవ్వారంటే సినిమా పని చేసినట్టే. మొదటి అరగంటంతా కథ చెప్తున్నది ఎవరో చూడండి, హెన్రీయే. వాడి గొంతు మన చెవిలో ఆగకుండా పోతూనే ఉంటుంది, వాడికి సరదాగా ఉన్నది మనకీ సరదాగానే అనిపిస్తుంది. పైగా ప్రతి ముక్కా లాభం దగ్గర కట్ అవుతుంది, దాని వల్ల ఏడ్చినోడి దగ్గరికి కెమెరా వెళ్ళదు. పోస్ట్‌మ్యాన్ ఆ తర్వాత ఇంటికెళ్ళి పెళ్ళానికి ఏం చెప్పాడో మనకి తెలీదు. అది డైరెక్టర్ స్కోర్సేసీ, ఎడిటర్ థెల్మా స్కూన్‌మేకర్ కలిసి తీసుకున్న నిర్ణయం.

కానీ మధ్యమధ్యలో బొమ్మని ఆపేస్తుంటారు గమనించారా? నాన్న బెల్టుతో చిన్న హెన్రీని కొడుతుంటే ఫ్రేమ్ ఫ్రీజ్. వాడు కార్లు తగలబెట్టి పరిగెడుతుంటే వెనక పేలుడు, మళ్ళీ ఫ్రీజ్. ఈ అలవాటు ఫ్రెంచ్ డైరెక్టర్ ట్రూఫో దగ్గర్నుంచి వచ్చిందని స్కోర్సేసీయే చెప్పుకున్నాడు. నాకైతే అవి పెద్దయ్యాక మనం వెనక్కి తిరిగి ఆ రోజే కదా దారి మళ్ళింది అనుకునే రోజుల్లాగా అనిపిస్తాయి.

ఇంక కోపకబానా షాట్. హెన్రీ తను తర్వాత పెళ్ళి చేసుకునే కారెన్‌ని క్లబ్‌కి తీసుకెళ్తాడు, ముందు గుమ్మం దగ్గర లైన్ ఉంటే పక్క నుంచి మెట్లు దిగి, కారిడార్లు, వంటగది, వంటవాళ్ళ మధ్య నుంచి నేరుగా స్టేజీ ముందుకి, అప్పటికప్పుడు వీళ్ళ కోసం ఒక టేబుల్ మోసుకొచ్చి వేస్తారు. మూడు నిమిషాల దాకా ఒక్క కట్ లేదు. లారీ మెక్‌కాంకీ అనే ఆయన స్టెడీక్యామ్ (మోసుకుంటూ నడిచినా బొమ్మ కుదపని కెమెరా) మోశాడు. అందరూ ఇది టెక్నికల్‌గా గొప్ప అంటారు, గొప్పే, కాకపోతే ఆ షాట్‌లో అసలు విషయం హెన్రీ చెయ్యి. దారి పొడుగునా చేతిలోంచి నోట్లు జారుతూనే ఉంటాయి, ప్రతివాడికీ ఇరవై డాలర్లు. ఆ దారి డబ్బుతో తెరుచుకుంది. ఎక్కడా ఆగక్కర్లేని జీవితం ఎలా ఉంటుందో ఆ మూడు నిమిషాల్లో మన ఒంటికి తెలుస్తుంది, కట్ పడితే ఆ మజా పోతుంది.

ఇప్పుడు దీన్ని పట్టుకెళ్ళి సినిమా చివర్లో వచ్చే ఆ ఆదివారం పక్కన పెట్టండి. 1980 మే 11, పొద్దున 6.55 అని తెర మీద టైం పడుతుంది చూడండి, అదీ. తుపాకులు డెలివరీ చెయ్యాలి, తమ్ముడిని హాస్పిటల్ నుంచి తేవాలి, సరుకు కలపాలి, ఇంటికి వచ్చి మాంసం సాస్ వండాలి, పైన హెలికాప్టర్ వెంటపడుతోంది. కట్ మీద కట్ మీద కట్. పాటలు సగంలో తెగిపోతాయి, ఇంకో పాట మీద పడిపోతుంది. అరెస్టయ్యే రోజున వాడి బెంగ ఏంటంటే తమ్ముడు సాస్ అడుగంటకుండా కలుపుతున్నాడా లేదా అని! మొదట్లో నీళ్ళలా జారిపోయిన మనిషి ఇక్కడ రోడ్డు మీద వెళ్ళే కారుని గుద్దబోయి బ్రేక్ వేస్తుంటాడు. నేను ఎడిటింగ్ నేర్చుకున్నది ఎక్కడన్నా ఉంటే అది ఆ పది నిమిషాల్లో.

ఒక్కటి చెప్పి ఆపేస్తా. ఎయిర్‌పోర్ట్‌లో ఇంత పెద్ద లుఫ్తాన్సా దోపిడీ ఉంది కదా కథలో, దాన్ని అసలు చూపించరు. హెన్రీ స్నానం చేస్తుంటే రేడియోలో వార్త వస్తుంది, అంతే. వేరే ఎవరన్నా అయితే అరగంట దాని మీదే పెట్టేవాళ్ళు. ఇక్కడ దోపిడీ కథ కాదు, దాని తర్వాత వాటాలు ఇవ్వాల్సొస్తుందని జిమ్మీ ఒక్కొక్కర్నీ లేపేయడం కథ. లైలా పాట చివరి పియానో మీద శవాలు ఒక్కొక్కటి బయటపడతాయి, గులాబీ రంగు కారులో ఇద్దరు, చెత్త లారీలో కొందరు, మాంసం లారీలో ఒకడు గడ్డకట్టుకుపోయి. ఆ పియానో షూటింగ్ స్పాట్‌లో ప్లే చేసుకుంటూ కెమెరా కదిపారంట. అంత అందమైన మ్యూజిక్ మీద అంత దరిద్రమైన చావులు నేను ఇంకెక్కడా చూడలా.

---

టిఫిన్_హోటల్_అబ్బాయి:

నాకు టెక్నికల్ విషయాలు తెలీవు. మీరు పోస్ట్‌మ్యాన్ గురించి రాశారు కాబట్టి నేను బ్యాంబూ లౌంజ్ ఓనరు గురించి రాస్తా.

సన్నీ అని ఆయనకి ఒక రెస్టారెంట్ ఉంటుంది, హెన్రీ జతగాడు టామీ గ్యాంగ్ రోజూ వచ్చి తిని తాగి ఖాతా రాసుకోమంటారు, బాకీ ఏడు వేల డాలర్లయింది. అడిగితే టామీ ఆయన తల మీద గ్లాసో సీసానో పగలగొడతాడు, పక్కనున్నోళ్ళు నవ్వుతారు. ఆయన వెళ్ళి పాలీని బతిమాలుకుంటాడు, అయ్యా మీరే నా హోటల్లో పార్ట్‌నర్‌గా ఉండండి, అప్పుడు వీడు నా జోలికి రాడు అని. పాలీ నాకు హోటల్ గురించి ఏం తెలుసయ్యా అంటూ అంటూనే ఒప్పుకుంటాడు. ఆ తర్వాత హెన్రీ గొంతు వస్తుంది, ఇప్పుడు ఈయనకి ఏ కష్టమొచ్చినా పాలీ దగ్గరికి పోవచ్చు, కానీ వారం వారం పాలీ డబ్బు పాలీకి పడాల్సిందే, బేరం లేదా, కట్టు, తగలబడిందా, కట్టు. తర్వాత ఆ హోటల్ పేరు మీద అప్పుకి సరుకు తెచ్చి రెండొందల డాలర్ల మందు కేసు వందకి అమ్ముకుంటారు, ఊరికే వచ్చింది కాబట్టి ఎంతకి అమ్మినా లాభమే. ఇంక అప్పు పుట్టదు అన్నాక అగ్గిపెట్టి తగలబెట్టేస్తారు.

మా నాన్నకి చిన్న టిఫిన్ హోటల్ ఉండేది. ఊరు పేరు వద్దులెండి. నేను ఆరో క్లాసు. సాయంత్రం నలుగురైదుగురు వచ్చేవాళ్ళు, పెసరట్లు, కాఫీలు, సిగరెట్లు, రాసుకో బాబాయ్ అని వెళ్ళిపోయేవాళ్ళు. ఒకరోజు నాన్న అడిగాడు, గల్లా పెట్టె కింద పడేసి పోయారు. నాన్న వాళ్ళ పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు, పళ్ళు పట్టుకుని వెళ్ళాడు, నేనూ వెనకాల వెళ్ళా, ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు, నాకు బిస్కెట్లు పెట్టించాడు. ఆ తర్వాత వాళ్ళు రాలేదు, నిజమే. కానీ నెలనెలా ఒక మనిషి వచ్చేవాడు. రెండేళ్ళకి హోటల్ ఎత్తేశాం.

నేను ఈ సినిమా ఇంజినీరింగ్‌లో ఫ్రెండ్స్‌తో చూశా. అందరూ నవ్వుతున్న ఆ సీన్ దగ్గర నేను లేచి బయటకి వెళ్ళిపోయా, వాళ్ళకి చెప్పలేదు ఎందుకో. తర్వాత ఒంటరిగా చూశా. అందులో పాలీ ఎంత నెమ్మదిగా ఉంటాడో, సేమ్ అలాగే ఉండేవాడు మా ఊరి పెద్దాయన. అరవడు, తొందరపడడు. పాలీగా పాల్ సోర్వినో ఆ కళ్ళతో చేసింది చూస్తే ఇది కథ రాసినోళ్ళు దగ్గర్నుంచి చూసి రాసింది అని నాకు అర్థమైపోయింది.

ఇంకొకటి చూడండి. హెన్రీ, టామీ ఆ హోటల్‌కి నిప్పు పెట్టి బయట కారులో కూర్చుని అంటుకునే దాకా వెయిట్ చేస్తారు. అప్పుడు ఏం మాట్లాడుకుంటారు? టామీ ఒక అమ్మాయి కోసం డబుల్ డేట్‌కి రమ్మని హెన్రీని అడుగుతుంటాడు. ఆ డేట్‌లోనే కారెన్ పరిచయం అవుతుంది. అంటే హెన్రీ ప్రేమకథ ఒకాయన హోటల్ తగలబడుతుంటే మొదలైంది, వాళ్ళు ఆ మంట వైపు సరిగ్గా చూడను కూడా చూడరు.

మీరు నవ్వినందుకు నాకేం కోపం లేదు. నవ్వేలాగే తీశారు. నవ్వాక పొద్దున మొహం గుర్తొచ్చింది అన్నారు చూడండి, అది చాలామందికి రాదు.

---

కాజీపేట_జంక్షన్:

నేనైతే పూర్తిగ ఒప్పుకోనన్నా. సినిమా మస్తుంటది, అబద్ధమెందుకు. గానీ మా హాస్టల్ల ఈ సినిమా చూసి ఎంతమంది మారిన్రు? అందరికి ఆ కోపకబానా షాటే యాదికున్నది, ఆ సూట్లే యాదికున్నయి. టామీ లెక్క నేను నీకు జోకర్ లెక్క కనవడుతున్ననా అని జూనియర్లని బెదిరించుడు, అదొక ఆట. ఒక పోరడైతె భయపడి ఏడ్చిండు. ఆ సీన్ అసలు ఎట్ల పుట్టింది తెలుసా, టామీ వేషం ఏసిన జో పెషీ చిన్నప్పుడు వెయిటర్ పని చేసేటప్పుడు ఒక మాఫియా ఆయనతోని మీరు భలే ఫన్నీ అని అన్నడట, ఆయన గరం అయిండట. గదే తీసుకొచ్చి సీన్ల పెట్టిన్రు. అంటే భయపడ్డోడు చెప్పుకున్న ముచ్చట అది. మా హాస్టల్లనేమో భయపెట్టుడుకు వాడుకున్నరు.

అసలు హెన్రీ సంగతే చూడు. సినిమా వచ్చినంక ఆయన దాక్కోలె, హోవర్డ్ స్టెర్న్ రేడియో షోకి వోయి మాట్లాడిండు, బొమ్మలు గీసి ఆన్‌లైన్ల అమ్మిండు. ఈ సినిమానే ఆయనను పెద్దోన్ని చేసింది. గిది తప్పు కాదా?

మన రాము సత్య తీసిండు, 1998ల. బొంబాయిల జరిగే కథ, హిందీ సినిమా, గానీ తీసింది మన తెలుగాయనే, చక్రవర్తి హీరో. అండ్ల కూడ గ్యాంగ్ వాళ్ళ ఇండ్లు, పెండ్లాలు, తిట్టుకునుడు అన్ని చూపించిండు. గానీ సత్య చివరికి నాకు కడుపుల దేవినట్టయింది, అసొంటి బతుకు వద్దనిపించింది. గుడ్‌ఫెల్లాస్ చూసినంక గట్ల అనిపియ్యలె నాకు. చివరిదాక హెన్రీ మంచిగనే ఉన్నడు గద, చావలె, చివర్ల జైలుకు పోలె.

---

పుస్తకాల_పురుగు:

కాజీపేట తమ్ముడూ, నువ్వు చెప్పిన హాస్టల్ సంగతి నిజం, కాదనను. కానీ హెన్రీ మంచిగా ఉన్నాడు అన్నావు చూడు, అక్కడ నేను ఆగిపోయా. నువ్వు కారెన్‌ని వదిలేశావు. ఇక్కడ రాసిన ముగ్గురూ వదిలేశారు నిజానికి.

సినిమా నడుస్తుండగా ఉన్నట్టుండి ఇంకో గొంతు కథ చెప్పడం మొదలుపెడుతుంది, ఒక ఆడమనిషి గొంతు. మాఫియా సినిమాల్లో అంతకుముందు భార్య అంటే తలుపు అవతల నిలబడే మనిషి. లొరైన్ బ్రాకో చేసిన కారెన్ అలా కాదు, మనతో నేరుగా మాట్లాడుతుంది. ఎదురింటి అబ్బాయి తనతో అసభ్యంగా ప్రవర్తించాడని హెన్రీ వెళ్ళి తుపాకీ మడమతో వాడి మొహం పగలగొట్టి, ఆ రక్తపు తుపాకీ తెచ్చి ఈమె చేతిలో పెడతాడు, దాచు అని. అప్పుడు ఆమె ఒప్పుకుంటుంది, వేరే అమ్మాయిలైతే ఆ క్షణమే పారిపోయేవాళ్ళు, నేను పారిపోలేదు, నిజం చెప్పాలంటే నాకు అది నచ్చింది అని. నేను ఇరవై రెండేళ్ళప్పుడు ఆ మాట విని ఉలిక్కిపడ్డా. ఎందుకంటే నా పక్కన నిలబడి ఒకడు నా కోసం ఎవడినో కొడితే బాగుండు అని ఆ వయసులో నేనూ అనుకున్నా, ఎవరితో అంటాం అవి.

ఆ తర్వాత ఆమెకి ఏం మిగిలిందో చూడు. గ్యాంగ్ భార్యల పార్టీకి వెళ్తుంది, వాళ్ళ చర్మాలు పాడైపోయి, పైన మేకప్ దట్టించి, పిల్లల్ని ఏ కర్రతో కొడతారో చెప్పుకుంటుంటారు. వాళ్ళు బయటివాళ్ళతో కలవరు, పుట్టినరోజులూ పెళ్ళిళ్ళూ సెలవులూ అన్నీ ఆ గుంపుతోనే, కొన్నాళ్ళకి ఆమెకి అదంతా మామూలైపోతుంది. పోలీసులు వచ్చినప్పుడు అరవై వేల డాలర్ల సరుకు బాత్‌రూంలో పోసి ఫ్లష్ చేసేస్తుంది, హెన్రీ జైలు నుంచి వచ్చి మన దగ్గర ఉన్నదంతా అదే కదే అని కూలబడిపోతాడు. పాతికేళ్ళ సంపాదన అది. ఇద్దరూ నేల మీద పడి ఏడుస్తారు.

ఇంక నాకు సినిమా మొత్తంలో భయం వేసిన సీన్ ఒకటే, అందులో ఒక్క చుక్క రక్తం లేదు. జిమ్మీ కారెన్‌తో ఆప్యాయంగా మాట్లాడి, మంచి డ్రెస్సులు ఉన్నాయి తీసుకెళ్ళమ్మా, అదిగో ఆ మూల షాపులో అని చెయ్యి చూపిస్తాడు. ఆమె నడుస్తుంది, ఆ చీకటి గుమ్మంలో మగవాళ్ళ నీడలు, వెనక్కి తిరిగితే జిమ్మీ ఇంకా ముందుకి, ముందుకి అని చెయ్యి ఊపుతుంటాడు. ఆమె పరిగెత్తి కారెక్కి పారిపోతుంది. ఆ షాపులో నిజంగా చంపేవాళ్ళే ఉన్నారో, లేక బట్టలే ఉన్నాయో సినిమా చెప్పదు. ఏళ్ళ తరబడి ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకున్న మనిషి గురించి ఆ అనుమానం రావడమే చాలు. దీన్ని మంచిగా ఉండటం అంటామా?

అసలు ప్రశ్నకి వస్తే, వాడికి పశ్చాత్తాపం ఎందుకు లేదంటే, వాడికి ఆ జీవితంలో ఇష్టమైంది మనుషులు కాదు. మొదటి నుంచీ వసతి ఇష్టం. లైన్‌లో నిలబడక్కర్లేదు, బిల్లు కట్టక్కర్లేదు, కావాల్సింది దొరుకుతుంది. జైల్లో కూడా పాలీ బ్లేడుతో వెల్లుల్లిని పొరలా కోస్తుంటాడు, నూనెలో వేస్తే కరిగిపోయేంత సన్నగా, పక్కన స్టీకులు, వైను. వాడికి జైలు గుర్తున్నది అలాగే. అలాంటోడు చివర్లో తిండి గురించి ఏడవకపోతేనే నేను నమ్మేదాన్ని కాదు. నా దృష్టిలో ఆ కెచప్ నూడుల్స్ మాటే సినిమా మొత్తంలో వాడు చెప్పిన పచ్చి నిజం.

---

క్వీన్స్_తెలుగోడు:

నేను న్యూయార్క్‌లో క్వీన్స్‌లో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నా. అసలు కథ జరిగింది చాలావరకు మా చుట్టుపక్కలే కాబట్టి సినిమాకి బయట ఏం జరిగిందో కొంచెం చెప్తా, దాంతో మీ ప్రశ్నకి ఇంకో వైపు నుంచి జవాబు దొరకొచ్చు.

హెన్రీ హిల్ నిజం మనిషి, 1943లో పుట్టాడు, 2012 జూన్‌లో పోయాడు. లుకేసీ ఫ్యామిలీ అనే మాఫియా ముఠాతో తిరిగేవాడు. సినిమాలో పాలీ అంటే అసలు పాల్ వారియో, జిమ్మీ కాన్వే అంటే జిమ్మీ బర్క్, టామీ అంటే టామీ డిసిమోన్. నికొలస్ పిలెగ్గీ అనే క్రైమ్ రిపోర్టర్ హెన్రీతో కూర్చుని మాట్లాడి 1985లో వైజ్‌గై అని పుస్తకం వేశాడు, స్కోర్సేసీ అది చదివి ఆయనకే ఫోన్ చేశాడు, ఇద్దరూ కలిసి స్క్రిప్టు రాశారు. ఆ పేరుతో అప్పటికే టీవీ సిరీస్ ఉండటం వల్ల సినిమాకి పేరు మార్చారు. టిఫిన్ హోటల్ బ్రదర్, దగ్గర్నుంచి చూసి రాసింది అన్నారు కదా, అది అక్షరాలా నిజం.

లుఫ్తాన్సా దోపిడీ 1978 డిసెంబర్ 11 తెల్లవారుజామున, కెన్నెడీ ఎయిర్‌పోర్ట్ కార్గో బిల్డింగులో. ఐదు మిలియన్ డాలర్ల దాకా క్యాష్, ఇంకా ఎనిమిది లక్షల డెబ్బై అయిదు వేల డాలర్ల నగలు. మా అమ్మానాన్నా వచ్చినప్పుడు ఆవకాయ డబ్బాలు మోసుకుంటూ దిగే ఎయిర్‌పోర్టే అది, ప్రతిసారీ వాళ్ళ కోసం ఎదురుచూస్తూ నాకు ఇదే గుర్తొస్తుంది. ఆ కేసులో శిక్ష పడ్డది ఒక్కడికే, లోపల పనిచేస్తూ సమాచారం ఇచ్చిన ఉద్యోగి. 2014లో ఇంకో ముసలాయన్ని అరెస్టు చేసి కేసు నడిపితే 2015లో జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది.

జిమ్మీ బర్క్ బార్, రాబర్ట్స్ లౌంజ్ అని, లెఫర్ట్స్ బులెవార్డ్ మీద ఉండేది. ఇప్పుడు ఆ ఏరియా అంతా గయానా, ట్రినిడాడ్ నుంచి వచ్చిన మన మూలాల వాళ్ళే ఎక్కువ, రోడ్డు మీద నడిస్తే రోటీ షాపులు, చీరల షాపులు. ఎదురుగుండా ఎంత రక్తం పారిందో ఆ వీధికి గుర్తే లేనట్టు ఉంటుంది.

టామీ 1979 జనవరిలో మాయమైపోయాడు, శవం కూడా దొరకలేదు, అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. సినిమాలో పెషీ పొట్టిగా, నలభై దాటిన మనిషి, అసలువాడు బాగా ఎత్తు, బలిష్ఠంగా ఉండేవాడంట. ఆ పాత్రకే పెషీకి ఆస్కార్ వచ్చింది. వారియో 1988లో జైల్లోనే పోయాడు, బర్క్ 1996లో, అదీ కస్టడీలోనే.

కాజీపేట బ్రదర్ చెప్పినట్టు హెన్రీ తర్వాత రేడియోల్లో కనిపించింది కరెక్టే. కానీ దాని ముందు ఏం జరిగిందో సినిమా చివర అక్షరాల్లో వేస్తారు, 1987లో సియాటిల్‌లో మళ్ళీ డ్రగ్స్ కేసులో దొరికాడు, 1989లో కారెన్‌తో విడిపోయాడు. గవర్నమెంటు ఇచ్చిన కొత్త పేరు, కొత్త జీవితం వాడు నిలబెట్టుకోలేకపోయాడు. పశ్చాత్తాపం వచ్చుంటే సియాటిల్ జరిగేది కాదు కదా. స్కోర్సేసీ అక్కడ లేనిదాన్ని తెచ్చి పెట్టలేదు, అంతే నాకు అనిపించేది.

ఇంకో విషయం, హెన్రీకి, కారెన్‌కి సాక్షుల రక్షణ గురించి చెప్పే లాయరు ఉన్నాడు చూడండి, నువ్వేం అమాయకురాలివి కాదులే అన్నట్టు కారెన్‌ని కడిగేస్తాడు, ఆయన యాక్టరు కాదు. ఎడ్వర్డ్ మెక్‌డొనాల్డ్, ఆ కేసు చూసిన నిజం ప్రాసిక్యూటరే. ఆ సీన్‌కి ఆ చలి ఎక్కడి నుంచి వచ్చిందో అది తెలిశాక అర్థమైంది.

---

కాజీపేట_జంక్షన్:

అక్కా, కారెన్ సంగతి నేను నిజంగనే మర్చిన. మళ్ళ చూస్త. గానీ హాస్టల్ పోరగాండ్లకు ఆ బట్టల షాపు సీన్ యాదికుండదక్కా, అదే నా బాధ. నాక్కూడ యాదికి లేకుండె గద.

---

అర్ధరాత్రి_షో:

అందరికీ థాంక్స్ అండి, ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. నిన్న రాత్రి మళ్ళీ పెట్టా, ఈసారి హెన్రీ గొంతు వినకుండా పక్కనున్న మనుషుల్ని చూడాలని కూర్చున్నా. చాలా కష్టం అది, పాట రాగానే మళ్ళీ వాడి వెంట వెళ్ళిపోతున్నా.

కానీ ఒకటి దొరికింది. హెన్రీ ఇంకా చిన్నపిల్లాడిగా పిజ్జా షాపులో పని చేస్తున్నప్పుడు ఎవరో తుపాకీ దెబ్బ తగిలిన మనిషి రక్తం కారుతూ గుమ్మం దగ్గరికి వస్తాడు. పిల్లోడు పరిగెత్తి ఏప్రాన్లు తెచ్చి ఆ చేతికి చుడతాడు. దానికి ఆ షాపు నడిపే టడ్డీ తిడతాడు, ఎనిమిది ఏప్రాన్లు వేస్ట్ చేశావు అని, వీడు ఇంకా గట్టిపడాలి అని. మొదటిసారి చూసినప్పుడు అది కూడా కామెడీలాగే పోయింది నాకు. సినిమా మొత్తంలో హెన్రీ ఎదుటి మనిషి నొప్పి చూసి తనంతట తను చెయ్యి వేసింది నాకు అక్కడే కనిపించింది, దానికి తిట్లు తిన్నాడు. పశ్చాత్తాపం ఎక్కడ అని చివర్లో వెతికా నేను, అది ఎక్కడ పోయిందో మొదటి పావుగంటలోనే చూపించేశారు.

పాలీ చివర్లో మొహం తిప్పుకునే ముందు చేతిలో పెట్టిన డబ్బు కూడా ఈసారి లెక్కపెట్టా, మూడు వేల రెండొందల డాలర్లు. జీవితం మొత్తానికి అంతే, శవపేటిక ఖర్చుకి కూడా రాదు అని హెన్రీ అంటాడు. అక్కడ కూడా వాడు లెక్కే చూస్తాడు.

టిఫిన్ హోటల్ గారూ, తప్పుగా అనుకోకపోతే ఒకటి అడుగుతా, మీ నాన్నగారు ఈ సినిమా చూశారా?

---

టిఫిన్_హోటల్_అబ్బాయి:

సినిమా మొత్తం చూడలేదండి, ఇంగ్లీషు రాదు, కింద అక్షరాలు అంత స్పీడుగా చదవలేరు. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఆ బ్యాంబూ లౌంజ్ ముక్క ఒక్కటీ ఫోన్‌లో పెట్టి, పక్కన కూర్చుని ఎవరు ఏమంటున్నారో నేను తెలుగులో చెప్పుకుంటూ పోయా. సన్నీ పాలీని బతిమాలే చోట కళ్ళజోడు పైకి జరుపుకుని దగ్గరికి వంగి చూశారు. నిప్పంటించాక నేను ఆపేశా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ఆ హోటలాయన ఆ తర్వాత ఏమయ్యాడురా అని అడిగారు.

నేను సినిమా అంతా గుర్తు చేసుకుని చూశా. ఆయన మళ్ళీ కనిపించడు నాన్నా అని చెప్పా.